కార్డులక్క చెప్పిన సినిమాలు

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నాను. సిమెంటు బల్ల మీద కూర్చున్న ముసలమ్మ ఒకామె నన్ను చూసి కొంగు సర్దుకుంది. లింగంపేట మనిషి. ఒకప్పుడు ఎల్లారెడ్డిలో మా పక్కింటి అరుగు మీద బీడీలు చుట్టేది.

"దొరా, ఎరికేనా? కార్డులక్క పోయింది."

"ఎప్పుడు?"

"మొన్ననే. ఈడనే కామారెడ్డిల బిడ్డ దగ్గర ఉండె గద. చాయ్ తాగుకుంట ఏదో ముచ్చట జెప్తుండెనట. చెప్పుకుంట చెప్పుకుంటనే ఒరిగిందట." ఆమె సంచి దగ్గరికి జరుపుకుని, "ముచ్చట సగంలనే ఉండిపాయె" అంది.

బస్సు వస్తే ఎక్కి కూర్చున్నాను. కార్డులక్క నాకు ఏమీ కాదు. ఆమె పోతే నేను మైల పట్టనక్కర్లేదు, తలస్నానం చేయనక్కర్లేదు. అయినా తాడ్వాయి దాటిన తరువాత గాని, కండక్టరు నా ముందు నిలబడి టికెట్టు అడుగుతున్నాడని నాకు తెలియలేదు.

ఆమె అసలు పేరు ఎల్లారెడ్డిలో చాలామందికి తెలియదు. నాకు తెలుసు కాని ఇక్కడ రాయను. మా ఇంటిపేరు కూడా రాయను. ఆ పేరు చెబితే ఒకప్పుడు తహసీలు కచేరీలో కుర్చీ వేసేవారు. ఇప్పుడు నేను ఎరువుల దుకాణంలో నా కుర్చీ నేనే తుడుచుకుని కూర్చుంటాను. అందుకు నాకు సిగ్గు లేదు. భూములు పోయాయి, ఇల్లు పోయింది, ఎవరి ముందూ చేయి చాపిన మాట మాత్రం మా వంశంలో లేదు. మిగిలింది అదొక్కటే కనుక దాన్ని జాగ్రత్తగానే చూసుకుంటున్నాను.

ఆమె దుకాణమంటే బస్టాండు ఎదుట చాయ్ హోటలును ఆనుకుని ఒక రేకుల డబ్బా. లోపల ఒక కంప్యూటరు, దాని మీద ముగ్గు కుట్టిన గుడ్డ, ఒక ఫ్యాను. అందరి చేతుల్లో ఇంటర్నెట్టు లేని కాలం. జనం తమ ఫోన్లలోని మెమరీ కార్డులు తెచ్చి ఇస్తే ఆమె వాటిలో పాటలు, సినిమాలు ఎక్కించి ఇచ్చేది. అలాంటి దుకాణాలు అప్పుడు ప్రతి ఊళ్లో ఉండేవి. ఆమె దగ్గరికి మాత్రం ఎక్కువగా బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చేవారు. ఏ ఫోను ఎవరిదో గుర్తుండడానికి ఫోను వెనక ఒక బొట్టుబిళ్ల అతికించేది. ఎర్రది ఒకరికి, పచ్చది ఒకరికి, రాయి పొదిగినది కొత్తగా పెళ్లయినవాళ్లకు. చెవులకు పెద్ద హెడ్‌ఫోను, దాని మీదుగా తల మీద కొంగు. ఎవరైనా పిలిస్తే హెడ్‌ఫోను తీసేది కాదు, కొంగు మాత్రం తీసేది. తీసి, "ఇంకా వినవస్తలేదు, జర గట్టిగ చెప్పు" అనేది.

అందరినీ అన్న, అక్క అని పిలిచేది. నన్ను కూడా. బయటి మనిషి నన్ను "అన్నా" అని పిలవడం నాకు అదే మొదటిసారి. దుకాణం ముందు అలా ఎండలోనే నిలబడిపోయాను. "నీడకు రా అన్నా, బుగులు వడకు, కార్డు మింగ" అంది.

నేను అక్కడికి వెళ్లింది మా అమ్మ కోసం. షుగరు వల్ల అమ్మకు చూపు పూర్తిగా పోయింది. మేము ఉండేది మార్కెట్టు వెనక రెండు గదుల అద్దె ఇల్లు. చూపు ఉన్నంతకాలం అమ్మ వారపత్రికలు చదువుకునేది, ఇరుగుపొరుగుతో కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. చూపు పోయాక ఆమెకు పగలంతా చేయడానికి ఏమీ మిగల్లేదు. ఒకరోజు తన మంచం గోడకు దగ్గరగా జరపమంది. చల్లగా ఉంటుందని చెప్పింది. అది ఎండకు కాగే పడమటి గోడ. దాని అవతలే బీడీలు చుట్టేవాళ్ల అరుగు.

గోడ అవతలి నుంచి ఒక సినిమా వినిపిస్తోంది. మాటలు, సంగీతం, మధ్యలో ఎవరో ఆడమనిషి గొంతు.

"ఇప్పుడైతె ఆమె తలుపు సాటుకు నిలవడ్డది. ఆడు సూస్తలేడు. ముంగటనే ఉన్నది, సూస్తలేడు, పిచ్చోడు."

మళ్లీ నాయకుడి మాటలు. ఆ తరువాత దెబ్బల చప్పుడు. మళ్లీ ఆ గొంతు.

"కొడుతుండ్రు. ఇంకా కొడుతనే ఉన్నరు. శానసేపు పడ్తది, అందాక ఆకు కత్తిరించుకోండ్రి."

అమ్మ నవ్వింది. చూపు పోయాక అమ్మ నవ్వడం అంతవరకు నేను వినలేదు. "ఆ గొంతు ఎవరిదో కనుక్కో" అంది నాతో.

కనుక్కున్నాను. బీడీ చుట్టే మనిషికి కళ్లూ చేతులూ ఆకు మీదే ఉండాలి. ఒడిలో చాట, చాటలో తంబాకు, తల ఎత్తితే చుట్టు వదులవుతుంది. సినిమా చూడడానికి వీలు లేదు, వినడానికే వీలు. అందుకని కార్డులక్క బొమ్మ తీసేసి సినిమా మాటలు మాత్రమే కార్డులో ఎక్కించి ఇచ్చేదట. బొమ్మ లేకపోతే చిన్న కార్డులో కూడా చాలా సినిమాలు పట్టేవి. అంతవరకు ఎవరైనా చేసే పనే. తరువాతి సంగతి ఆమే నాకు చెప్పింది.

"ఒకామె వచ్చి కొట్లాడింది అన్నా. నడుమల ఎవ్వలు మాట్లాడుతలేరంట, ఫోను కరాబైందనుకొని ఏదో ఒత్తిందంట, సినిమా ముంగటికి ఉరికిందంట. చూసేసరికి పెండ్లాం సచ్చి, ఇంకో పెండ్లి గుడ అయిపోయిందంట. 'నా సవతి ఎట్లొచ్చిందో చెప్పు' అని నా మీదికి లేచింది. అప్పటిసంది మాటల్లేని కాడల్ల నేనే మాట్లాడవడితిని."

అలా మాట్లాడీ మాట్లాడీ ఆమె తన అభిప్రాయాలు కూడా కలపడం మొదలుపెట్టింది. "గీ పాటల గుడ్డలు మంచిగ లేవు, మీకెందుకు చెప్పుడు." "గీ పిల్ల మంచిది, గని అత్త ఎసొంటిదో తర్వాత తెలుస్తది." ఎవరైనా మంచివాడు చనిపోయే చోట చప్పుడు ఆపేసి, "దవాఖానకు తీస్కపోయిండ్రు. నడుస్తది" అని చెప్పి, ఆ తరువాత అతన్ని తలచుకునేది కాదు. ఇదేమిటని నేను అడిగాను. "ఏడ్చుకుంట చుడితె బీడీలు ఎట్లొస్తయ్ అన్నా? కంపెనీల వాపస్ కొడ్తరు" అంది.

ఇలా చెప్పిన సినిమాలను ఆమె ఇంటర్నెట్టులో ఒక సైటులో పెట్టేది. ఎవరైనా, ఏ ఫైలైనా అందులో దాచుకుని, దాని లింకు ఇంకొకరికి పంపితే వాళ్లు దించుకోవచ్చు. జుక్కల్‌లో ఇలాంటి దుకాణమే నడిపే అతను అక్కడి నుంచే దించుకుని తన దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు ఎక్కించి ఇచ్చేవాడు. దుబాయిలో ఉన్న మగవాళ్లు కూడా దించుకునేవారట. కూలిపని చేసుకుంటూ, సినిమా కోసం కాదు, మధ్యలో ఇంటిమాట వినబడుతుందని.

ఆ సినిమాలేవీ ఆమె కొన్నవి కావు. ఆ విషయం నేను మొహం మీదే అడిగాను. మా ఇంట్లోకి దొంగ సొత్తు రావడం నాకు ఇష్టం లేదు, అమ్మ కోరింది కనుక వచ్చాను.

"ఇది దొంగతనం కాదా?"

ఆమె హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకుంది. అప్పుడప్పుడే అలా తీసేది. "దొంగతనమే" అంది. "కాదంటనా? గాళ్లు గంత ఖర్చు వెట్టి తీసిండ్రు. గని అన్నా, మా బీడీలోళ్లు టాకీసుకు పోయేటోళ్లు గాదు. పోయినా చాట ఒడిల వెట్టుకొని, తల దించుకొని కూసోవాలె. ఎవలు రానిస్తరు?"

"అందుకని దొంగతనం ఒప్పయితదా?"

"కాదు. నువ్వు తప్పన్నవు, నేను సరే అన్న. ఇగ కార్డు ఇటియ్యి, అమ్మ ఎదురు చూస్తుంటది."

తప్పు తప్పేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆమె కూడా చివరిదాకా కాదనలేదు. ఆ తరువాత దాని గురించి మేము మళ్లీ మాట్లాడుకోలేదు. అమ్మ ఫోను వెనక ఒక బొట్టుబిళ్ల అతికించి ఇచ్చింది. దారిలోనే దాన్ని గీకి పారేశాను. తరువాతిసారి ఇంకోటి అతికించింది. దాన్ని కూడా గీకేశాను. మూడోది కుంకుమరంగుది, పెద్దది. "గీకినకొద్ది పెద్దదైతది" అంది. అలాగే ఉంచేశాను.

అమ్మకు ఒక సినిమా బాగా నచ్చింది. ఒక పెద్ద ఇంటి కథ. దొర, దొర కూతురు, ఆ ఇంట్లో పనిచేసే ఒక జీతగాడు, ఇల్లు చేజారిపోవడం. కార్డు నిండినప్పుడల్లా అన్నీ చెరిపి కొత్తవి ఎక్కించడం కార్డులక్క పద్ధతి. అమ్మ మాత్రం ఏ నెలకు ఆ నెల ఆ సినిమానే మళ్లీ అడిగేది. "దొరసానికి పాత సుట్టం కావాల్నట" అని కార్డులక్క నవ్వుతూ మళ్లీ ఎక్కించేది. నాకు ఆ సినిమా నచ్చలేదు. తెలిసిన సంగతులే.

ఒకరోజు దుకాణానికి వెళ్లేసరికి ఆమె కంప్యూటరు ముందు చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. "అన్నా, నీకు ఇంగ్లీషు వస్తది గద. ఇదేందో చదువు" అంది.

తెర మీద సినిమాలు లేవు, ఫైళ్లు లేవు. ఒక ప్రభుత్వ ముద్ర, దాని కింద కొన్ని వాక్యాలు. అది మన ప్రభుత్వం కూడా కాదు, ఏదో విదేశం. దొంగ సినిమాలు పంచుతున్నారన్న కేసు మీద ఆ సైటును కోర్టు ఉత్తర్వుతో స్వాధీనం చేసుకున్నామని రాసి ఉంది. చదివి చెప్పాను.

"అంటే జప్తా?"

"జప్తే."

ఆ మాట అర్థం మా ఇంట్లో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. మా పాత ఇంటి తలుపుకు కాగితం అతికించిన రోజు నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"సినిమాలు జప్తు చేసుకోని, ఆళ్లయి ఆళ్లు తీసుకోని. నా మాటలు గుడ తీస్కపోయిండ్రా?"

"అన్నీ కలిసే ఉన్నాయి గద."

"నీ కంప్యూటర్ల లేవా?" అని నేనే అడిగాను మళ్లీ.

ఆమె తల అడ్డంగా ఊపింది. కంప్యూటరులో జాగా చాలక, అక్కడ పెట్టినవన్నీ ఇక్కడ ఎప్పటికప్పుడు చెరిపేసేదట. "ఆడ భద్రంగ ఉంటయనుకున్న. గరిసెల వోసిన వడ్లు ఎటు వోతయ్? ఇంట్ల పెట్టుకుంటె ఎలుకలు తింటయ్ గని" అంది. కార్డులలో కూడా ఆ నెలవి తప్ప పాతవి లేవు. నెలకోసారి చెరిపేయడమే ఆమె పద్ధతి. ఆ ఉదయం నేను ఇచ్చిపోయిన అమ్మ కార్డు కూడా చెరిపి, ఆ పెద్ద ఇంటి సినిమా మళ్లీ ఎక్కించబోయి సైటు తెరిచింది. తెరిస్తే ఈ ముద్ర.

"అర్జీ వెట్టుకుంటె ఇస్తరా అన్నా? సినిమాలు మాకొద్దు, మీరే ఉంచుకోండ్రి, నడుమ నడుమ మాట్లాడింది మాత్రం నాది, అది నాకియ్యుండ్రి అని?"

ఎవరికి రాయాలో నాకు తెలియలేదు. అర్జీలు రాయడంలో మా కుటుంబానికి చాలా అనుభవం ఉంది. అయినా ఆ అర్జీ ఎవరి పేరున మొదలుపెట్టాలో తోచలేదు.

ఆ వారమే కామారెడ్డిలో కార్డు దుకాణాల మీద పోలీసులు పడ్డారని మాట వచ్చింది. ఆమె మరిది భయపడి కంప్యూటరును దుప్పట్లో మూటకట్టి అటకెక్కించాడు. డబ్బాకు తాళం పడింది. ఫోన్లు కూడా చూస్తారని అరుగు మీది ఆడవాళ్లు తమ కార్డులలో మిగిలినవి చెరిపేసుకున్నారు. గోడ అవతల అరుగు మీద కత్తెరల చప్పుడు మాత్రమే మిగిలింది.

రెండు రోజుల తరువాత అమ్మ ఫోను తన దిండు కింద నుంచి తీసి నా చేతికి ఇచ్చి, "ఇది తీసుకుపో. ఊరికే బరువు" అంది. తిండి తగ్గింది. పిలిస్తే పలికేది, తనంతట తాను ఏదీ అడిగేది కాదు. డాక్టరు సూది మందు మార్చాడు. మందుతో పోయేది కాదని నాకు తెలుసు. ఆమెకు పగటికీ రాత్రికీ మధ్య ఉన్న తేడా ఆ గొంతు ఒక్కటే, అది పోయింది.

మా వాళ్లు మనుషులను పిలిపించేవారు, పిలవడానికి పోయేవారు కాదు. నేను పోయాను. కార్డులక్క తన ఇంటి ముందు ఆకు కత్తిరిస్తోంది. ఆమె కూడా బీడీలకు కూర్చుంది.

"ఒకసారి ఇంటికి రావాలె. అమ్మకు ఆ సినిమా నోటితో చెప్పాలె" అన్నాను. అంతకంటే మెత్తగా అడగడం నాకు చేతకాలేదు.

ఆమె చాట పక్కన పెట్టి లేచి, కొంగుకు చేతులు తుడుచుకుంది. "చెప్పొస్తదో రాదో అన్నా" అంది. ఆమె ముఖంలో భయం చూడడం అదే మొదటిసారి. పోలీసుల సంగతి చెప్పినప్పుడు కూడా ఆమె భయపడలేదు.

అమ్మ మంచం మీద లేచి కూర్చుని తల మీద కొంగు వేసుకుంది. "కూర్చో" అంది. నేను కుర్చీ వేశాను. ఆమె కుర్చీలో అంచు మీద కూర్చుంది.

"ఒక ఊర్ల ఒక దొర ఉంటడు" అని మొదలుపెట్టింది. ఆగింది. "ఆయనకు ఒక బిడ్డ." మళ్లీ ఆగింది. గొంతు సవరించుకుంది. "ఆ బిడ్డ... ఆ బిడ్డ మంచిది." అంతే. ఎంతసేపు చూసినా ఇంకో మాట రాలేదు.

"అమ్మా, నాకు కత జెప్పరాదు" అంది చివరికి. కళ్లనీళ్లు వచ్చాయి. "సినిమాల ఎవ్వలు మాట్లాడనప్పుడే నాకు మాటొస్తది. ఉత్తగ ఉంటే రాదు. అది నా మాట అనుకున్న. కాదు. అది గుడ ఆళ్లదే ఉండె."

అమ్మ నిటారుగా సర్దుకుని, నేను ఎన్నడూ వినని బొంగురు గొంతుతో గట్టిగా అరిచింది.

"ఎవడ్రా అది! నా వాకిట్లోకి చెప్పులతో వచ్చింది ఎవడ్రా!"

నేను ఉలిక్కిపడ్డాను. మా అమ్మ ఎవరినీ 'రా' అని పిలవగా నేను ఎప్పుడూ వినలేదు. కార్డులక్క కూడా అదిరిపడింది. వెంటనే, ఆలోచించకుండానే, ఆమె నోటి నుంచి వచ్చింది:

"ఇప్పుడు పెద్దదొర మెట్లు దిగుతుండు. చేతిల కర్ర ఉన్నది. కండ్లు ఎర్రగున్నయ్. అందరు పక్కకు జరిగిండ్రు."

"నాన్నా, ఆయన్ని నేనే రమ్మన్నాను" అంది అమ్మ, పడుచుపిల్ల గొంతుతో.

"ఆ పిల్ల స్తంభం పట్టుకున్నది. చెయ్యి వణుకుతున్నది గని మొకం వణుకుతలేదు. గట్టి పిల్ల."

నెలల తరబడి విని అమ్మకు ఆ సినిమాలో మాటలన్నీ నోటికి వచ్చేశాయి. దొర మాటలు, కూతురి మాటలు, అప్పిచ్చిన షావుకారి మాటలు అన్నీ అమ్మవే. మాటలు ఆగిన చోటల్లా కార్డులక్క అందుకుంది. మెట్లు, తలుపులు, వాన, ఎవరు ఎవరి వంక చూశారు, ఎవరు చూడనట్లు నటించారు. ఒకరు ఆగితే ఒకరు. ఎక్కడా గొంతుకు గొంతు అడ్డం రాలేదు. కార్డులక్క కుర్చీ దిగి మంచం పట్టె మీద కూర్చుంది. అది ఎప్పుడు జరిగిందో నేను గమనించలేదు. గోడ అవతల కత్తెరల చప్పుడు ఆగిపోయింది.

ఇల్లు చేజారిపోయే ఘట్టం వచ్చింది. అక్కడ జీతగాడు వచ్చి, "బండి కట్టిన దొరా, ఇగ పోదాం" అనాలి. అంతకుముందు అమ్మ దొరగా ఒక పొడుగాటి మాట చెప్పి ఉంది, ఆయాసం వస్తోంది.

"జీతగాని మాట నువ్వు చెప్పు" అంది అమ్మ, నా వైపు తల తిప్పి.

"నేనా?"

"ఇంట్లో ఇంకెవరున్నారు? చెప్పు."

గడపలో నిలబడి చెప్పాను. "బండి కట్టిన దొరా. ఇగ పోదాం."

కార్డులక్క తల అడ్డంగా తిప్పింది. "గట్ల గాదన్నా. నువ్వు బండి అమ్మేటందుకు వచ్చినట్టు చెప్తున్నవు. ఆడు శానేండ్ల సంది ఆ ఇంట్ల ఉన్నోడు. చెప్పులు ఇడువు. చేతులు కట్టుకో."

అమ్మ ఎదురు చూస్తోంది. ఆమె ముఖం కథలోనే ఉంది. నేను మాట్లాడకపోతే ఆ బండి అక్కడే ఆగిపోతుంది. చెప్పులు విడిచాను. చేతులు కట్టుకున్నాను. ఇంతలో కార్డులక్క గొంతు మారింది. అది నాతో మాట్లాడే గొంతు కాదు, గోడ అవతలి నుంచి వినిపించే గొంతు.

"ఇప్పుడు జీతగాడొచ్చిండు. చెప్పులు బయట ఇడిసిండు. చేతులు కట్టుకున్నడు. ఇంకా నిటారుగనే నిలవడ్డడు..." ఆమె నా వంక చూస్తూ ఆగింది. "ఆఁ, ఇప్పుడు వంగిండు."

"ఎంత వంగిండు?" అని అడిగింది అమ్మ.

"జరంత."

"చాలు" అంది అమ్మ. "ఇక బండి కదలనీ."